చేయి చాచిన వానిపై మన చూపు



ఆదివారం పూజ ముగిశాక గుడి ఆవరణలో చెట్టు నీడన సాగే మాటలు మీరూ వింటూనే ఉంటారు. ఫలానా ఆమెకు ఎదిగిన కొడుకులు ఇద్దరున్నా పింఛను తీసుకుంటోందట. ఫలానా వారింట్లో ఫ్రిజ్ ఉన్నా రేషన్ కార్డు ఉందట. ప్రభుత్వం ఊరికే ఇచ్చి ఇచ్చి జనాన్ని సోమరుల్ని చేస్తోందట. 1983లో కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చిన రోజుల్లోనూ ఇవే మాటలు వినిపించాయని పెద్దలు చెబుతారు. ఈ మాటలు అనేవారు చెడ్డవారేమీ కారు. కష్టపడి బతికేవారే, గుడికి క్రమం తప్పక వచ్చేవారే. నిజం చెప్పాలంటే గురువులమైన మేము కూడా ఈ మాటలకు ఎన్నోసార్లు తల ఊపినవారమే.

అందుకే ఈ వారం మీకు ఒక గృహస్థుని జీవితం చెప్పదలచాను. ఆయన గురువు కాదు, మఠవాసి కాదు. భార్య, బిడ్డ, ఉద్యోగం ఉన్న మనిషి. సాయం పొందేవారిని సమాజం ఎలా చూస్తుందో దగ్గరనుండి గమనించినవాడు. ఆయనే ధన్య ఫ్రెడరిక్ ఓజానాం గారు. మన విచారణల్లో పనిచేసే పునీత విన్సెంట్ డి పాల్ సంఘానికి మూలపురుషుల్లో ఒకరు. సంఘం పేరు మనలో చాలామందికి తెలుసు గాని ఆ మనిషి కథ అంతగా తెలియదు.

ఓజానాం గారు 1813 ఏప్రిల్ 23న ఇటలీలోని మిలాన్ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులు ఫ్రెంచివారు. ఆయన పసివాడుగా ఉన్నప్పుడే కుటుంబం ఫ్రాన్సులోని లియోన్ నగరానికి తిరిగి వచ్చింది. ఆ తల్లి కడుపున 14 మంది బిడ్డలు పుట్టారు, వారిలో ఎక్కువమంది పసితనంలోనే చనిపోయారు. తండ్రి వైద్యుడు. పేద రోగులకు డబ్బు తీసుకోకుండా వైద్యం చేసేవారు. 1837లో అలాంటి ఒక పేద రోగిని చూడబోయి, మెట్ల మీద పడి, ఆ దెబ్బతోనే ప్రాణం విడిచారు. పేదవాని గడప తొక్కడం ఓజానాం గారికి పుస్తకాల్లో దొరికిన పాఠం కాదని, ఇంట్లో చూసి నేర్చుకున్నదని దీన్నిబట్టి మీరే గ్రహించవచ్చు.

1831లో ఆయన న్యాయశాస్త్రం చదవడానికి పారిస్ వెళ్లారు. అక్కడ కొంతకాలం ఆంపియర్ గారింట ఉన్నారు. విద్యుత్తును కొలిచే ఆంపియర్ అనే కొలతకు ఆ పేరు వచ్చింది ఈ శాస్త్రవేత్త వల్లనే. మరుసటి ఏడాది, 1832లో, పారిస్‌లో కలరా వచ్చి 18 వేల మందికి పైగా చనిపోయారు. ఇరుకు సందుల్లో, గాలి ఆడని గదుల్లో ఉండే కూలి జనం ఎక్కువగా బలయ్యారు.

ఆ రోజుల్లో విద్యార్థులు కొందరు వారంవారం కూడి చరిత్ర మీద, మతం మీద వాదోపవాదాలు చేసేవారు. ఓజానాం గారు శ్రీసభ పక్షాన గట్టిగా వాదించేవారు. ఒకనాడు ఎదుటి పక్షంవారు ఒక ప్రశ్న వేశారు. మీ క్రైస్తవం వెనకటి కాలంలో గొప్ప పనులు చేసిన మాట నిజమే గాని, ఈవేళ ఈ నగరంలో పేదల కోసం మీరు చేస్తున్నదేమిటి అని అడిగారు. సమాధానం లేకపోయింది. ఆ రాత్రి ఓజానాం గారు, ఒక మిత్రుడు కలిసి తమ గదిలో చలి కాచుకోవడానికి మిగిలిన కట్టెలను మోసుకుపోయి ఒక పేదవానికి ఇచ్చి వచ్చారని చెబుతారు.

1833 ఏప్రిల్ 23న, తన ఇరవయ్యో పుట్టినరోజున, ఆయన మరో ఐదుగురు విద్యార్థులతోను, బాయీ అనే పెద్దమనిషితోను కలిసి చిన్న సంఘంగా ఏర్పడ్డారు. పేదల ఇళ్లకు ఎలా వెళ్లాలో వారికి తెలియదు. ముఫ్తార్ పేటలో ఏళ్ల తరబడి పేదల మధ్య పనిచేస్తున్న సిస్టర్ రోజలీ రాండ్యూ అనే మఠకన్య వారికి దారి చూపింది. కుటుంబాల పేర్లు చెప్పి, రొట్టెకు, బొగ్గుకు చీట్లు చేతికిచ్చి పంపింది. తొందరపడి తీర్పు తీర్చవద్దని, ఓపికగా వినమని నేర్పింది. ఈ సిస్టర్‌ను 2003లో శ్రీసభ ధన్యురాలిగా ప్రకటించింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. చీటీ ఇవ్వాలంటే వారిని తమ దగ్గరకే రమ్మనవచ్చు. వరుసలో నిలబెట్టి పేరు పిలిచి ఇవ్వవచ్చు. ఈ కుర్రవాళ్లు అలా చేయలేదు. తామే మెట్లెక్కి వెళ్లి, ఆ గదిలో కూర్చుని, పిల్లల చదువు అడిగి, ఆ తర్వాతే చీటీ ఇచ్చారు. ఏ సాయం కావాలో తెలుసుకోవడానికి వారూ విచారించేవారు. అయితే నేరస్థుని వద్ద ఆరా తీసినట్లు కాదు, చుట్టాన్ని పలకరించినట్లు విచారించేవారు.

ఓజానాం గారు న్యాయశాస్త్రంలోను, ఆపైన సాహిత్యంలోను డాక్టరేటు పొందారు. 1841లో ఆమెలీ గారిని వివాహమాడారు. 1844లో పారిస్‌లోని ప్రసిద్ధ సోర్బోన్ విద్యాపీఠంలో విదేశీ సాహిత్యానికి ఆచార్యులయ్యారు. 1845లో వారికి మరీ అనే కూతురు పుట్టింది. ఇంత చదువు, ఇంత హోదా ఉన్నా పేదల ఇళ్లకు వెళ్లడం మానలేదు.

ఇక 1848 సంవత్సరానికి వద్దాం. ఆ ఫిబ్రవరిలో ఫ్రాన్సులో విప్లవం వచ్చి రాజు దిగిపోయాడు. పనులు ఆగిపోయి వేలమంది వీధిన పడ్డారు. కొత్త ప్రభుత్వం వారి కోసం జాతీయ పనిశాలలు తెరిచింది. మట్టి తవ్వి నేల చదును చేయడం వంటి పని దొరికిన రోజున రెండు ఫ్రాంకులు, పని దొరకని రోజున ఒక ఫ్రాంకు ఇచ్చేవారు. జూన్ నాటికి పేర్లు రాయించుకున్నవారు లక్ష దాటారు. అందరికీ పని చూపడం ప్రభుత్వం వల్ల కాలేదు. పని చూపకుండా కూర్చోబెట్టింది ప్రభుత్వం. సోమరులన్న పేరు వచ్చింది కూలివారికి. పన్ను కట్టేవారి సొమ్ము తిని పేకాడుతున్నారని పట్టణంలోని కలిగినవారు, చిన్న వ్యాపారులు, పల్లెల్లోని రైతులు కూడా మండిపడ్డారు. ఆ పనిశాలల్లోని వారు నిన్నటిదాకా నేతపని, కంసాలిపని, వడ్రంగం చేసుకున్నవారన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ కోపం చివరకు చట్టంగా మారింది. జూన్ 21న ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. పెళ్లికాని యువకులు సైన్యంలో చేరాలి, మిగిలినవారు దూర ప్రాంతాలకు పనికి పోవాలి, లేకుంటే కూలి రాదు. జూన్ 23న పేదల పేటలు తిరగబడ్డాయి. వీధుల్లో అడ్డుగోడలు లేచాయి. నాలుగు రోజుల్లో వేలమంది చనిపోయారు.

ఓజానాం గారు ఆ రోజుల్లో జాతీయ రక్షక దళంలో ఉన్నారు. అంటే ప్రభుత్వం పక్షాన తుపాకి పట్టి నిలబడవలసి వచ్చింది. ఎదుట ఉన్నది తాను ఇన్నేళ్లు మెట్లెక్కి పలకరించిన జనం. ఆ బాధ తట్టుకోలేక జూన్ 25న ఇద్దరు మిత్రులతో కలిసి పారిస్ అగ్రపీఠాధిపతి అఫ్ర్ గారి వద్దకు పోయి, రెండు పక్షాల మధ్య నిలిచి శాంతి చెప్పమని వేడుకున్నారు. అఫ్ర్ గారు అప్పటికే ఆ ఆలోచనలో ఉన్నారు. అదే సాయంత్రం తిరుగుబాటుదారుల అడ్డుగోడ దగ్గరకు వెళ్లారు. అక్కడ తూటా తగిలి, జూన్ 27న ప్రాణం విడిచారు. ఆయనను వెళ్లమని కోరినవారిలో తాను ఒకడినన్న బరువు ఓజానాం గారి గుండె మీద మిగిలింది.

తిరుగుబాటు అణగిపోయాక కలిగినవారు ఊపిరి పీల్చుకున్నారు. పేదలకు సాయం చేస్తే తిరుగుబాటును మేపినట్లే అనే మాట బలపడింది. అప్పుడు ఓజానాం గారు కలం పట్టారు. లకోర్దేర్ గురువు గారితోను, మరికొందరితోను కలిసి ఆ ఏప్రిల్‌లోనే వారొక దినపత్రిక ప్రారంభించి ఉన్నారు. దాని పేరుకు నవయుగమని అర్థం. సెప్టెంబరులో అందులో ఆయన, మంచివారమని అనుకునే పౌరులను ఉద్దేశించి ఒక వ్యాసం రాశారు. తిరుగుబాటు అణగింది గాని పేదరికం అణగలేదని హెచ్చరించారు. గురువులు తమకు అలవాటైన భక్తుల గుంపు దాటి పేదల పేటల్లోకి వెళ్లాలని, ధనవంతులు తమ సొమ్మును పనుల్లో పెట్టాలని, చట్టసభవారు బాధ్యత మరువరాదని కోరారు.

ఆ నెలల్లోనే సాయం గురించి ఆయన చెప్పిన ఒక విషయం మనం జాగ్రత్తగా వినాలి. మనిషిని అవమానించే సాయం ఒకటి, గౌరవించే సాయం ఒకటి ఉన్నాయని ఆయన విడదీశారు. తిండి, గుడ్డ, పడుకోవడానికి చోటు మాత్రమే ఇచ్చి ఊరుకుంటే, మనిషిలో పశువుతో సమానమైన భాగాన్ని మాత్రమే చూసినట్లు. దానికి పలకరింపు, స్నేహం, చేతిలో చెయ్యి కలిపితే అప్పుడు మనిషిని చూసినట్లు. అంతేకాదు, పేదవాడు తీసుకునేవాడు మాత్రమే కాదు, ఇచ్చేవాడు కూడా అన్నారు. దేశం సైనికునికి తిండి పెడుతుంది, విశ్వాసులు గురువును పోషిస్తారు. వారి త్యాగానికి అది వెల కాదని మనకు తెలుసు. అది వారికి అవమానమనీ ఎవరూ అనరు. అలాగే పేదవాడు మోసే కష్టానికి, చేసే ప్రార్థనకు జీతం కట్టగలవారు లేరు. మనం ఇచ్చేది ఆ బాకీలో కొంత మాత్రమే అని ఆయన భావం.

ఈ రాతలు చాలామంది కతోలికులకు నచ్చలేదు. 1849లో ఆ పత్రిక ఆగిపోయింది.

మీలో కొందరు అడగవచ్చు. స్వామీ, మోసం చేసేవారు లేరా? ఉన్నారు. ఓజానాం గారికీ ఎదురయ్యారు. ఇటలీ నుండి వచ్చిన ఒక మనిషికి ఆయన నమ్మకమైన ఉద్యోగం ఇప్పించారు. అతడు ఆ నమ్మకాన్ని వమ్ముచేశాడు. కొంతకాలానికి దిక్కులేక మళ్లీ ఆయన గుమ్మం ముందుకు వచ్చాడు. ఓజానాం గారు కోపంతో కసిరి పంపేశారు. తలుపు మూసుకున్నాక మనసు ఊరుకోలేదు. ఏ మనిషినీ నిరాశలోకి తోయరాదని, ఒకనాడు తానూ దేవుని దయ కోసం నిలబడవలసినవాడే కదా అని తలచి, టోపీ తీసుకుని పరుగెత్తి, లక్సెంబర్గ్ ఉద్యానవనంలో అతన్ని కలుసుకుని సాయం చేశారు. అతడు చేసింది తప్పు కాదని ఆయన అనలేదు. తప్పు చేసినవాడికీ ఆకలి వేస్తుందని మాత్రం మరువలేదు.

మరో సంగతి. ఒక నూతన సంవత్సరం రోజున, తమకు తెలిసిన ఒక పేద కుటుంబం తన చివరి ఆస్తి అయిన సొరుగుల బీరువాను తాకట్టు పెట్టిందని ఆయనకు గుర్తొచ్చింది. దాన్ని విడిపించి కానుకగా ఇద్దామనుకున్నారు. ఇల్లు నడిపే ఇల్లాలు కదా, ఆమెలీ గారు అది అంత అవసరం కాదని తగిన కారణాలే చెప్పారు. ఆయన ఒప్పుకున్నారు. సాయంత్రం తమ ఇంట్లో చేరిన కానుకలు, మిఠాయిలు చూశాక ఆయనకు ముద్ద దిగలేదు. ఆమె ఆయన బాధ గ్రహించి వెళ్లమంది. ఆయన స్వయంగా పోయి ఆ బీరువా విడిపించి, వారింటికి చేర్చి, సంతోషంగా తిరిగి వచ్చారు. బీరువా ఉన్నవాడు పేదవాడెలా అవుతాడని మనలాంటివారు అడుగుతారు. ఆ కుటుంబానికి మిగిలిన పరువు అదేనని ఆయన చూశారు. ఫ్రిజ్ ఉన్నా రేషన్ కార్డు ఉందట అనే మన మాటను ఈ బీరువా పక్కన పెట్టి చూడండి.

ఓజానాం గారి ఆరోగ్యం త్వరగా చెడిపోయింది. 1853 సెప్టెంబరు 8న, దేవమాత జన్మదిన పండుగ నాడు, మార్సెయ్ నగరంలో 40 ఏళ్ల వయసులో ప్రభువునందు నిద్రించారు. ఏడుగురితో మొదలైన సంఘం అప్పటికి పారిస్‌లోనే 2,000 మంది సభ్యులతో 5,000 కుటుంబాలను పలకరిస్తోంది. 1997 ఆగస్టు 22న రెండవ జాన్ పాల్ పోపు గారు పారిస్‌లో ఆయనను ధన్యునిగా ప్రకటించారు. సెప్టెంబరు 9న ఆయన స్మరణ చేస్తాం.

ప్రియ పాఠకులారా, మన పంట రుణం మాఫీ అయితే అది హక్కు అంటాం. మన పిల్లవాడికి స్కాలర్‌షిప్ వస్తే అది వాడి తెలివి అంటాం. పక్కింటి వితంతువుకు పింఛను వస్తే మాత్రం ఊరికే వచ్చిన సొమ్ము అంటాం. అర్హత చూడవలసిన అధికారి చూడనివ్వండి, అది ఆయన విధి. అనర్హులు తీసుకుంటే అది మరో పేదవాని వంతు తీసుకోవడమే, అదీ పాపమే. కాని చెట్టు కింద నిలబడి తీర్పు చెప్పే ఉద్యోగం మనకెవరూ ఇవ్వలేదు. పింఛను రోజున వేలిముద్ర పడక రెండుసార్లు తిరిగి, మూడోసారి పోయే ముసలమ్మ, మన మాట కూడా విని పోవాలా?

ఈ వారం ఒక పని చేయండి. మీరు ఎవరి గురించి అలా అన్నారో వారి ఇంటికి వెళ్లండి. ఏమీ ఇవ్వనక్కరలేదు. కూర్చోండి, మంచినీళ్లు ఇస్తే తాగండి, పిల్లలెలా ఉన్నారని అడగండి. తిరిగి వచ్చేటప్పుడు మీ కోసం ప్రార్థించమని ఆమెను కోరండి. ఇచ్చే చేయి ఎవరిదో, పుచ్చుకునే చేయి ఎవరిదో అప్పుడు మీకే తెలుస్తుంది.

ధన్య ఫ్రెడరిక్ ఓజానాం గారు మన చూపును సరిచేయమని ప్రభువును వేడుకొందురు గాక. ఆమెన్.