రుడాల్ఫ్ జాకబ్ కామెరారియస్

రుడాల్ఫ్ జాకబ్ కామెరారియస్ (ఫిబ్రవరి 12, 1665 - సెప్టెంబర్ 11, 1721) జర్మన్ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు. మొక్కలలోనూ స్త్రీ పురుష భేదం ఉన్నదని ప్రయోగపూర్వకంగా నిరూపించిన తొలి వ్యక్తిగా ఈయనను పరిగణిస్తారు. ట్యూబింగెన్‌లో జన్మించి, 1687లో అక్కడి విశ్వవిద్యాలయ వృక్షోద్యానానికి అధిపతి అయ్యాడు.

పుప్పొడి మొక్క విసర్జించే మలినమని కొందరు పండితులు భావించే కాలమది. దగ్గరలో మగచెట్టు లేని ఆడ మల్బరీ చెట్టు పండ్లలో తాలు గింజలే ఉండటం కామెరారియస్‌ను ఆలోచింపజేసింది. ఆముదపు మొక్కలలో మగపూలను విచ్చకముందే తుంచివేయగా గట్టి గింజ ఒక్కటీ రాలేదు. మొక్కజొన్న కండెల పీచును కత్తిరించగా గింజ పట్టలేదు. ఈ ఫలితాలను 1694లో గీసెన్ ఆచార్యుడు వాలెంటినికి వ్రాసిన సుదీర్ఘ లేఖలో వివరించాడు. వేరుగా పెంచిన ఆడ గంజాయి మొక్కలు మాత్రం కొన్ని గింజలు కాశాయి. తన వాదానికి విరుద్ధమైన ఆ సంగతిని కూడా ఆయన దాచలేదు. గంజాయి ఆడమొక్కకు అరుదుగా మగపూలూ పూస్తాయని తరువాత తెలిసింది.