తెల్లకణాల జబ్బుకు మందు వెతికిన మన సుబ్బారావు

బిడ్డకు విడవకుండా జరం కాసి, ఒళ్ళు పాలిపోయి, ఎడమ డొక్కలో గట్టిగా చేతికి తగిలితే కడుపులో బల్ల లేచిందని మన పల్లెల్లో పెద్దలు అంటారు. డాక్టర్లు ప్లీహం పెరిగిందనేది దీన్నే. మలేరియా వల్ల పెరిగిన బల్ల మందులకు లొంగుతుంది. నెత్తురులోని తెల్లకణాలు అదుపు తప్పే లుకేమియా జబ్బులో వచ్చే బల్ల అలాంటిది కాదు. ఎముకల మూలుగలో పుట్టిన చెడ్డ కణాలు నెత్తురులో పడి పారి, ప్లీహంలోను కాలేయంలోను పేరుకుంటాయి. 19వ శతాబ్దంలో కొందరు డాక్టర్లు ఈ బల్లనే కోసి తీసి చూశారు. రోగులు దాదాపు అందరూ ఆ ఆపరేషన్లలోనే పోయారు. మూలం మూలుగలో ఉండగా బల్లను తీసి ప్రయోజనమేమిటి? తెల్లకణాలను మూలంలోనే అడ్డుకునే మందు 1947లో దొరికింది. దాన్ని తయారు చేయించినవారు మన తెలుగువారైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద ధ్యాస తక్కువ. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుణ్ణి కావాలని ఇల్లు విడిచి బయలుదేరితే తల్లి వెంకమ్మ గారు పట్టి తెచ్చారు. తండ్రి పోయాక ఆమె నగలు అమ్మి చదివించారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. అప్పట్లో మన ప్రాంతమూ ఆ ప్రాంతమూ మద్రాసు రాష్ట్రమే. పెద్ద చదువుకు అందరూ మద్రాసుకే పోవాలి. సుబ్బారావు గారు అక్కడి వైద్య కళాశాలలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది తెల్లదొర ప్రొఫెసర్‌కు కంటగింపయింది. చివరకు ఎం.బి.బి.ఎస్. రాలేదు, తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే విరేచనాల వ్యాధితో చనిపోయారు. మనవాళ్ళు సంగ్రహణి అంటారే, ఆ జాతి జబ్బు. తిన్నది ఒంటబట్టక నెత్తురు తగ్గి మనిషి ఎండిపోతాడు. ఈ దెబ్బ ఆయనను వదలలేదు.

మామగారి సాయంతో, ధర్మసంస్థ ఇచ్చిన డబ్బుతో 1922లో అమెరికాలోని బోస్టన్ చేరారు. పొట్టకూటికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. పగలు హార్వర్డ్‌లో చదువు. కొన్నేళ్ళలో తిరిగి వస్తానని భార్య శేషగిరి గారికి మాట ఇచ్చి వెళ్ళారు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడలేదు.

హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి నెత్తురులో భాస్వరం కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలను కూడా కనిపెట్టారు. ఇంత చేసినా అక్కడ స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. దానితో స్ప్రూ రోగులకు నెత్తురు పట్టింది. తోడబుట్టినవారిని తీసుకుపోయిన జబ్బుకు మందు ఆయన చేతిమీదుగానే వచ్చింది, వాళ్ళు పోయిన పాతికేళ్ళకు.

కథ అక్కడితో ఆగలేదు. బోస్టన్‌లో పిల్లల డాక్టర్ ఫార్బర్ ఇలాంటి పదార్థాలనే లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా తెల్లకణాలు మరింత రేగాయి. అంటే ఆ కణాలకు ఫోలిక్ ఆసిడ్ మేత అన్నమాట. అయితే మేత లాంటిదే గాని మేత కానిది పెడితే? తవుడు బదులు ఊక వేస్తే పశువు మేస్తుంది గాని ఒంటబట్టదు కదా. అలాంటి దొంగ మేతను సుబ్బారావు గారి బృందంలోని రసాయన శాస్త్రజ్ఞులు తయారు చేసి పంపారు. దాని పేరు అమినోప్టెరిన్. ఫార్బర్ 16 మంది పిల్లలకు వాడగా 10 మందికి గుణం కనిపించింది. తెల్లకణాలు తగ్గాయి, కత్తి పెట్టకుండానే ఉబ్బిన బల్లలు తగ్గాయి. ఆ గుణం కొన్ని నెలలే నిలిచింది. జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. అయినా అంతకుముందు అన్ని నెలలు కూడా ఎవరూ ఇవ్వలేకపోయారు.

ఫార్బర్ ఈ సంగతి 1948 జూన్‌లో ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావు గారు గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. స్వదేశానికి రానే లేదు, శేషగిరి గారు ఆయనను మళ్ళీ చూడలేదు. నోబెల్ బహుమతీ రాలేదు. 1995లో మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది.

అమినోప్టెరిన్‌కు తమ్ముడి వంటి మెథోట్రెక్సేట్‌ను ఇతర మందులతో కలిపి నేటికీ లుకేమియా పిల్లలకు ఇస్తున్నారు. అందుకు రాయవేలూరుకో, తిరుపతికో పోవాలి. గర్భిణులకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ బిళ్ళలో కలిసి ఉండేది ఆయన ఫోలిక్ ఆసిడే. బోదకాలు రాకుండా ఊళ్ళలో పంచే డి.ఇ.సి. బిళ్ళ కూడా 1947లో ఆయన ప్రయోగశాల నుంచి వచ్చినదే. బిళ్ళలు పంచేవారికి గాని, మింగేవారికి గాని ఆ పేరు తెలియదు.