చిలగడదుంపను చిన్నచూపు చూడని దైవభక్తుడు: జార్జి వాషింగ్టన్ కార్వరు



చిలగడదుంప అనియు, కొన్ని తావులలో గెనుసుగడ్డ అనియు, మరికొన్ని తావులలో కందగడ్డ అనియు పిలువబడు దుంపను ఎరుగనివారు మనలో లేరు. దానిని సంతలో కుప్పలుగా పోసి అమ్ముదురు. పిల్లలు పొయ్యి నిప్పులలో కాల్చుకొని తిందురు. అయినను పెద్దలు దానిని అన్నముతో సమానముగా ఎంచరు. ఇంటికి చుట్టము వచ్చినప్పుడు దుంపలు వడ్డించుటకు సిగ్గుపడుదురు. అటువంటి దుంపను దేవుడు బీదలకిచ్చిన ఈవిగా ఎంచి, దానినిగూర్చి బోధించుటలో తన జీవితములో చాలభాగము గడిపిన ఒక భక్తుని చరిత్రను ఈ మాసము మీకు చెప్పగోరుచున్నాము.

జార్జి వాషింగ్టన్ కార్వరు అమెరికా దేశములోని మిస్సౌరి రాష్ట్రములో, డైమండ్ అను పల్లెయొద్ద, 1864 ప్రాంతమున పుట్టెను. పుట్టిన దినము ఎవరును వ్రాసి పెట్టలేదు, ఏలయనగా ఆయన తల్లి మేరీ ఒక బానిస. అది ఆ దేశములో అంతర్యుద్ధము జరుగుచున్న కాలము. పసిబిడ్డగా ఉన్నప్పుడే దోపిడిగాండ్రు తల్లిని బిడ్డను ఎత్తుకొనిపోయిరి. యజమానుడైన మోజెస్ కార్వరు మనిషిని పంపి వెదకించగా బిడ్డ మాత్రము దొరికెను. తల్లి జాడ మరి ఎన్నటికిని తెలియలేదు. బానిసత్వము రద్దయిన తరువాత మోజెస్, అతని భార్య సూసన్ ఆ బాలుని, అతని అన్నను తమ యింటనే పెంచిరి.

జార్జి బలహీనుడు. పొలములో బరువు పనులు చేయలేక, ఇంటిపని, వంట, బట్టలుతుకుట నేర్చుకొనెను. తీరిక దొరికినప్పుడెల్ల అడవిలోనికి పోయి మొక్కలు తెచ్చి నాటుచుండెను. వాడిపోయిన మొక్కలను బ్రదికించునని ఇరుగుపొరుగువారు అతనిని మొక్కల వైద్యుడని పిలువసాగిరి. దగ్గరి బడిలో నల్లజాతి పిల్లలను చేర్చుకొనరు గనుక, చదువు నిమిత్తము చిన్నతనముననే ఇల్లు విడిచి, నియోషో అను పట్టణమునకు వెళ్లెను. తరువాత కాన్సాస్ రాష్ట్రములో ఊరూర తిరిగి, బట్టలుతికి, వంటచేసి పొట్ట పోసికొనుచు ఉన్నత పాఠశాల చదువు ముగించెను. ఒక కళాశాలవారు ఉత్తరముద్వారా చేర్చుకొందుమని చెప్పి, ఆయన వచ్చి యెదుట నిలిచినప్పుడు, నల్లవాడని చూచి వెనుకకు పంపివేసిరి.

ఆయన నిరాశపడి కూర్చుండలేదు. 1890లో అయోవా రాష్ట్రములోని సింప్సన్ కళాశాలలో చేరి చిత్రలేఖనము అభ్యసించెను. అక్కడి ఉపాధ్యాయురాలు ఆయనకు మొక్కలయందున్న ప్రీతిని కనిపెట్టి, ఏమ్స్ పట్టణములోని వ్యవసాయ కళాశాలకు వెళ్లుమని ప్రోత్సహించెను. 1891లో ఆయన అక్కడ మొదటి నల్లజాతి విద్యార్థి ఆయెను. 1894లో పట్టమును, 1896లో పై పట్టమును పొంది, ఆ కళాశాలలోనే బోధకుడుగా ఉండెను. మంచి జీతము, మంచి ప్రయోగశాల, గౌరవము అన్నియు అక్కడ ఉండెను.

ఆ సంవత్సరమే దక్షిణమున అలబామా రాష్ట్రములోని టస్కీగీనుండి పిలుపు వచ్చెను. అక్కడ బుకర్ టి. వాషింగ్టన్ గారు బానిసత్వమునుండి విడుదల పొందినవారి పిల్లలకొరకు పాఠశాల స్థాపించి, వ్యవసాయశాఖకు తగిన మనిషిని వెదకుచుండిరి. కార్వరు అన్నియు విడిచి 1896 అక్టోబరులో టస్కీగీ చేరెను. మరణించువరకు, అనగా 46 సంవత్సరములకు పైగా, ఆ స్థలమును విడువలేదు.

ఆయన అక్కడ చూచినదేమి? ఎటు చూచినను పత్తి. ఏండ్లతరబడి ఒకే పైరు వేయుటవలన నేల సారము పోయి, వానకు కోసుకొనిపోయి, గండ్లు పడియుండెను. బానిసత్వము పోయినను నల్లజాతి రైతులకు సొంత భూమి లేదు. చాలమంది పాలికి దున్నుకొనువారే. విత్తనము, ఎరువు, తిండిగింజలు అన్నియు యజమానియొద్దనో షావుకారియొద్దనో అప్పుగా తెచ్చుకొందురు. అప్పిచ్చినవాడు పత్తినే కోరును గనుక గుడిసె వాకిటివరకు పత్తియే వేయుదురు. కూరపాదు పెట్టుటకు చోటు లేదు. ఉప్పుపంది మాంసము, మొక్కజొన్నపిండి, బెల్లపుపాకము తప్ప వేరు తిండి ఎరుగరు. అందువలన పెల్లాగ్రా మొదలైన వ్యాధులు వారిని పీడించుచుండెను. పత్తి ధర పడిపోయిన యేట అప్పు తీరదు. తిండియు దొరకదు.

ప్రయోగశాల అని చెప్పుకొనుటకు అక్కడ ఏమియు లేదు. పారవేసిన సీసాలను, పగిలిన పాత్రలను విద్యార్థులచేత ఏరించి ఆయన పని ఆరంభించెనని చెప్పుదురు. పనికిరాదని విడిచిన నేలలో, కొనుటకు డబ్బు అక్కరలేని ఎరువులతో, అనగా రాలిన ఆకులు, చిత్తడినేలలోని నల్లమట్టి, పెంటతో సాగు చేసి చూపెను. నేలకు బలమిచ్చుటకు అలసంద, వేరుశనగ వంటి కాయజాతి పైరులను పత్తితో మార్చి మార్చి వేయుమని నేర్పెను. ఇంటివారి కడుపు నింపుటకు చిలగడదుంపను నాటుమనెను. వేరుశనగనుబట్టియే లోకము ఆయనను ఎక్కువగా ఎరుగును గాని, చిలగడదుంప పని దానికంటె ముందటిది. 1898లో టస్కీగీనుండి ఆయన వెలువరించిన రెండవ కరపత్రమే చిలగడదుంపల ప్రయోగములను గూర్చినది.

ఈ దుంపనే ఏల ఎంచుకొనవలెను? ఇది ఇసుకనేలలోను, సారము తగ్గిన నేలలోను పండును. నాటిన మొదటి వారములలో తడి ఉండి వేరు తన్నుకొన్నయెడల, తరువాత కొంత ఎండకు తాళుకొనును. వరి, జొన్న వంటి గింజపైరులకు పూతవేళ వాన తప్పినయెడల పంట చేయి జారిపోవును. దుంపకు అట్టి ఒక్క గడియ లేదు. వాన ఆగిన దినములలో ఎదుగుదల ఆగి, మరల తడి తగిలినప్పుడు ఊరును. తీగ నేలను కప్పుకొని మట్టి కోసుకొనిపోకుండ కాపాడును. పెనుగాలికి పడిపోవుటకు దానికి కాడ లేదు. నాలుగు నెలల కాలములో తిండి చేతికి వచ్చును. లేత ఆకులు కూరకు, తీగలు పశువులకు పనికివచ్చును. అయితే నీరు నిలిచిన నేలలో దుంప కుళ్లిపోవును గనుక మెరకయు, బోదెలును కావలెను.

పండించుటకంటె దాచుట కష్టమని కార్వరు గ్రహించెను. త్రవ్వునప్పుడు గాయపడిన దుంపలు, తడిసిన దుంపలు కొద్ది దినములలోనే చెడిపోవును. కాబట్టి 1906లో దుంపల పంటను కాపాడుకొనుటనుగూర్చి ఒక కరపత్రము వ్రాసెను. అదే సంగతినిగూర్చియు, దుంపలతో చేయు వంటకములనుగూర్చియు 1922లో మరియొకటి వెలువరించెను. దుంపలను చక్రములుగా తరిగి ఎండబెట్టిన చాలకాలము నిలుచును. ఎండిన ముక్కలను విసరి పిండి చేసికొనవచ్చును. పేద ఇల్లాలు చేసికొనదగిన వంటలనే, ఆమెకు తెలియు మాటలలోనే ఆయన వ్రాసెను.

అయితే చదువురాని రైతు కరపత్రమును ఏమి చేసికొనును? అతడు పాఠశాలకు రాలేడు గనుక పాఠశాలయే అతనియొద్దకు పోవలెనని ఎంచి, 1906లో ఒక బండిని సిద్ధపరచిరి. డబ్బు ఇచ్చిన దాత పేరున దానిని జెసప్ బండి అనిరి. నాగళ్లు, విత్తనములు మొదలైనవి దానిమీద పెట్టుకొని కార్వరు శిష్యుడైన థామస్ క్యాంప్‌బెల్ ఊరూర తిరిగి రైతుల యెదుటనే చేసి చూపుచుండెను.

1910 ప్రాంతమున పత్తికాయలను తొలుచు ముక్కుపురుగు అలబామాలో ప్రవేశించెను. పత్తి తప్ప వేరొకటి వేయనివారు మిక్కిలి నష్టపోయిరి. కార్వరు పదునాలుగు ఏండ్లుగా చెప్పుచుండిన మాటలకు అప్పుడు విలువ పెరిగెను.

మొదటి ప్రపంచయుద్ధములో గోధుమకు కొరత కలిగెను. టస్కీగీలో దుంపపిండిని గోధుమపిండితో కలిపి రొట్టెలు చేయుచుండిరి. ప్రభుత్వమువారు ఆ సంగతి విని, 1918లో కార్వరును వాషింగ్టన్ నగరమునకు పిలిపించి, ఆ పిండినిగూర్చి వివరముగా తెలిసికొనిరి. పెద్ద యంత్రములతో దుంపలను ఎండబెట్టు ఏర్పాటును తలపెట్టిరి. ఇంతలో యుద్ధము ముగిసెను. గోధుమ మరల సమృద్ధిగా దొరికెను. ఆ ఏర్పాటును విడిచిపెట్టిరి. కరవు రాగానే దుంపను వెదకుట, కరవు తీరగానే మరచుట మనుష్యుల అలవాటు. కార్వరు మాత్రము తన పనిని మానక, దుంపనుండి నూటికి పైగా వస్తువులు చేయవచ్చునని చూపెను.

ఇక్కడ నిజమును నిజముగా చెప్పవలెను. ఆ వస్తువులలో అధికభాగము అంగడికి రాలేదు. వేరుశనగ వెన్నను ఆయనయే కనిపెట్టెనని కొందరు చెప్పుదురు గాని అది సరి కాదు. రైతులను బిగించిన అప్పుల కట్లను ఆయన విప్పలేకపోయెను. నేల తమది కానందున ఆయన మాట వినగోరియు వినలేకపోయినవారు అనేకులు. 1916 మొదలుకొని లక్షలమంది ఆ దక్షిణ దేశమును విడిచి ఉత్తరపు పట్టణములకు వలసపోయిరి. ఆయన చేయగలిగినది ఒక్కటి: గుడిసెప్రక్కన ఉన్న కొద్ది నేలలో, డబ్బు లేకుండ, పిల్లల ఆకలి తీర్చుకొను మార్గము చూపుట. దానిని ఆయన అల్పకార్యమని ఎంచలేదు.

ఆయన తెల్లవారకముందే లేచి అడవిలో నడచుచు ప్రార్థించుచుండెను. ఆదికాండము మొదటి అధ్యాయములో దేవుడు విత్తనమిచ్చు మొక్కలను మానవునికి తిండిగా అప్పగించిన సంగతిని ఆయన తరచు జ్ఞాపకము చేయుచుండెను. టస్కీగీలో ఆయన నడిపిన బైబిలు తరగతి దాదాపు ముప్పది ఏండ్లు సాగెను. పెండ్లి చేసికొనలేదు. పాతబట్టలు తొడుగుకొని, చొక్కాకు ఒక పువ్వు గ్రుచ్చుకొని తిరుగుచుండెను. కూడబెట్టినదంతయు వ్యవసాయ పరిశోధన నిమిత్తము ఇచ్చివేసెను. 1943 జనవరి 5న ప్రభువునందు నిద్రించెను. బుకర్ వాషింగ్టన్ గారి సమాధిప్రక్కనే ఆయనను ఉంచిరి. ఆ యేడే ఆయన పుట్టిన స్థలమును జాతీయ స్మారకముగా ప్రభుత్వము ఏర్పరచెను.

ఆయన పోయిన తరువాత కూడ దుంప పని ఆగలేదు. ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశమున 2000లో గొప్ప వరదలు వచ్చినప్పుడు, నష్టపోయిన కుటుంబములకు నారింజరంగు చిలగడదుంప తీగలను పంచిరి. ఆ రంగు దుంపలో పిల్లల కన్నులను కాపాడు ఎ విటమినుకు కావలసిన పదార్థము ఉన్నది. 2011లో అదే దేశములో వానలేమికి తాళుకొను 15 రకములను విడుదల చేసిరి. ఈ పనిలో పాటుపడిన మరియా ఆండ్రాడె మొదలైనవారికి 2016లో ప్రపంచ ఆహార బహుమానము లభించెను.

ప్రియులారా, వానల తీరు మారినదని మనమందరము చూచుచున్నాము. రావలసిన నెలలో రాక, వచ్చిన దినమున ఒక్కసారిగా కురియుచున్నది. ఎండలు హెచ్చుచున్నవి. మన ఊళ్లలో కూడ వాకిటివరకు పత్తి వేసి, కూరగాయలు సంతలో కొనుక్కొనువారు ఉన్నారు. పత్తిని మానుమని మేము చెప్పము. వరి స్థానమున దుంపను తినుమనియు చెప్పము. ఇంటిప్రక్కన రెండు సెంట్ల నేలనైనను కడుపు నిమిత్తము విడిచిపెట్టుమని మాత్రము బతిమాలుచున్నాము. ఐగుప్తులో యోసేపు సమృద్ధిగల ఏండ్లలోనే ధాన్యము కూర్చెను గాని కరవు వచ్చినతరువాత కాదు.

ఇందులో సంఘము చేయదగిన పని యొకటి కలదు. గింజలవలె తీగను మూటగట్టి అటకమీద దాచలేము. నడివేసవిలో దానిని పచ్చగా కాపాడినవానికే తొలకరిలో నాటుటకు తీగ ఉండును. అందరి ఇంట వేసవి నీరు ఉండదు. కాబట్టి బావియో బోరో ఉన్న కుటుంబము ఒక చిన్న మడిలో తీగను బ్రదికించి, వానలు పడగానే మూడు నాలుగు కణుపుల ముక్కలుగా కోసి, అడిగినవారికందరికి పంచవలెను. ముక్కుపురుగు పట్టిన మడినుండి తీగను తీసికొనరాదు. ఏటేట ఒకే చోట నాటరాదు. దుంప బయటపడకుండ మట్టి ఎగద్రోయవలెను.

కోతపండుగ నాడు ధాన్యము, గుమ్మడికాయలు కానుకగా తెచ్చునట్లు ఒక బుట్టెడు దుంపలను, ఒక కట్ట తీగను కూడ తెండు. దుంపలను విధవరాండ్ర ఇండ్లకు పంపుదము. తీగను మడిలేనివారికి ఇత్తము. సారెపతు విధవరాలి తొట్టిలోని పిండిని తరుగనియ్యని దేవుడు మన పొయ్యిలను కూడ చల్లారనియ్యక కాపాడునుగాక. ఆమేన్.