విశ్వాసము, న్యాయము, నీతి: సూరతు అనువాద సంప్రదాయమున జోసెఫ్ వాన్ సోమరెన్ టేలరు

ఒక మతమునకు ప్రాణభూతమైన భావము పరభాషలోనికి వచ్చునప్పుడు దాని భారమంతయు రెండు మూడు పదములపై నిలుచును. ఆ పదములు అంతకు పూర్వమే దేశమున వ్యవహారములో నున్నవి. వానికి తమవైన సంస్కారములును, సాహచర్యములును కలవు. అనువాదకుడు వానిని క్రొత్త యర్థమున నియోగించినంత మాత్రమున ప్రాత యర్థము తొలగిపోదు. క్రైస్తవ మతమునందలి విశ్వాసము, నీతి అను భావములు భారతీయ భాషలలో పొందిన పరిణామము ఇందులకు మంచి నిదర్శనము. గుజరాతీ భాషలో ఈ పరిణామమునకు ఆదికేంద్రము సూరతు నగరము. అందు ముఖ్యముగా స్మరింపదగినవారిలో ఒకడు జోసెఫ్ వాన్ సోమరెన్ టేలరు (1820-1881). గుజరాతీ వైయాకరణుడుగా ఆయన సుప్రసిద్ధుడు. ఆయన వ్యాకరణ కృషిని మతకృషినుండి వేరుచేసి చూచుట పరిపాటి. ఆ రెండింటను ఒకే ప్రశ్న అంతర్వాహినిగా నున్నదని చూపుట ఈ వ్యాసోద్దేశము. మనుష్యునకుగాని, అతని భాషకుగాని యోగ్యత ఎచ్చటనుండి కలుగును అనునదే ఆ ప్రశ్న.

టేలరు 1820లో బళ్లారిలో జన్మించెను. 1800లో నిజాము ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసిన మండలములలో బళ్లారి యొకటి. తెలుగు కన్నడములు రెండును బజారులలో వినబడు ఆ పట్టణము 1953లో మైసూరు రాష్ట్రమున చేరువరకు మద్రాసు పాలనలోనే యుండెను. 1810లో అచ్చటికి వచ్చిన జాన్ హాండ్సు లండను మిషనరీ సంఘము పక్షమున కన్నడ బైబిలు అనువాదమునకు పూనుకొనెను. టేలరు తండ్రియగు జోసెఫ్ టేలరు ఆయనకు సహకారిగా నుండి, కుమారుడు జన్మించిన సంవత్సరముననే బెళగాంలో ఆ సంఘము శాఖను నెలకొల్పెను. ఆ కాలమున తెలుగుదేశమునను ఈ కార్యము సాగుచుండెను. విశాఖపట్టణమున డెస్ గ్రాంజెస్, ఆనందరాయరు అను బ్రాహ్మణ పండితుని సాయముతో ఆరంభించిన సువార్తల అనువాదము 1812లో శ్రీరామపురమున అచ్చయినది. ప్రిచ్చెట్టు చేసిన తెలుగు క్రొత్త నిబంధన 1818లో మద్రాసున వెలువడినది. టేలరు పుట్టిన ఇంట అనువాదము నిత్యకృత్యమని తలచుట అసంగతము కాదు.

సూరతులో ఈ కృషి 1815లో ఆరంభమైనది. ఆ సంవత్సరము లండను మిషనరీ సంఘమువారు జేమ్సు స్కిన్నరును, విలియం ఫైవీని అచ్చటికి పంపిరి. మొగలుల కాలమున పశ్చిమ సముద్రతీరమునకు ప్రధాన రేవైన ఆ నగరము అప్పటికి బొంబాయి ముందు వెలవెలబోవుచుండెను. అయినను షరాబులు, నేతగాండ్రు, పారసీ, జైన, వైష్ణవ, బోహ్రా వర్తకులు నివసించు ఆ పట్టణమున హుండీ, ఖాతా, జమ అను మాటలు బాలురకును సుపరిచితములు. స్కిన్నరు, ఫైవీలు అచ్చట ముద్రణాలయమును స్థాపించి, 1820వ దశాబ్దపు తొలి సంవత్సరములలో బైబిలును గుజరాతీలో ప్రకటించిరి. 1840వ దశాబ్దపు ఉత్తరార్ధమున సూరతు కేంద్రము ఐర్లండు ప్రెస్బిటీరియను సంఘము వశమైనది. అదే దశాబ్దమున లండను సంఘ ప్రచారకుడుగా గుజరాతునకు వచ్చి మహీనదీ ప్రాంతమున పనిచేయుచుండిన టేలరు, ఆ సంఘము 1859 ప్రాంతమున గుజరాతు విడిచినప్పుడు తాను విడువక, ఐరిషు సంఘమున చేరెను. 1861లో సూరతున అచ్చయిన గుజరాతీ బైబిలు సంస్కరణము ఆయన పేరుతో ముడిపడియున్నది.

ఈ అనువాదకులకు ఎదురైన సమస్యను గ్రహించుటకు మూలార్థమును కొంత విచారింపవలెను. హీబ్రూ భాషలో త్సెదాకా అను పదము కేవలము సదాచారమును చెప్పదు. చేసికొనిన ఒడంబడికకు కట్టుబడియుండుట దాని హృదయము. ఎమూనా అను పదమున స్థైర్యము, నమ్మదగియుండుట అను అర్థములు ప్రధానములు. గ్రీకున వీనికి దికయొసూనె, పిస్తిస్ అను పదములు వచ్చినవి. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో అబ్రాహామును ఉదాహరణముగా గైకొని, అతడు దేవుని నమ్మెను గనుక ఆ నమ్మికయే అతనికి నీతిగా లెక్కింపబడినదని వాదించెను. ఇచ్చట వాడిన గ్రీకు క్రియ లెక్కల పుస్తకమునకు చెందినది. యాకోబు పత్రికలో అదే అబ్రాహాము విషయమున, క్రియలులేని విశ్వాసము నిర్జీవమని వేరొక తీర్పు కానవచ్చును. పదునారవ శతాబ్దమున లూథరు పౌలు వాక్యమును పునాదిగా గొనగా, 1547లో ట్రెంటు సభవారు విశ్వాసము ఆరంభము మాత్రమేయనియు, మనుష్యుడు నిజముగా నీతిమంతుడుగా మార్పబడవలెననియు నిర్ణయించిరి. ప్రొటెస్టెంటులకు అది న్యాయాధిపతి ప్రకటన. కతోలికులకు ఆత్మకు జరుగు పరివర్తనము. 1999లో ఆగ్స్‌బర్గునందు లూథరను, కతోలిక ప్రతినిధులు ఈ విషయమున ఉమ్మడి ప్రకటనపై సంతకము చేయువరకు ఆ వివాదము నాలుగున్నర శతాబ్దములు సాగినది.

ఈ వివాదమంతయు గుజరాతీలో ఒక పదమున ఇమిడినది. గుజరాతీ బైబిలు సంప్రదాయమున దికయొసూనెకు స్థిరపడినది న్యాయీపణుం అను పదము. నీతిమంతునిగా ప్రకటించుటకు న్యాయీ ఠరావవుం అందురు. న్యాయవంతుడని నిర్ణయించుట అని దాని యర్థము. న్యాయస్థానపు వాసన ఇందు స్పష్టము. ప్రొటెస్టెంటు సిద్ధాంతమునకు, అందును 1647 నాటి వెస్ట్‌మినిస్టరు విశ్వాసప్రమాణమును అనుసరించు ప్రెస్బిటీరియనులకు, ఇది మిగుల అనుకూలమైన పదము. హిందీలో ధర్మశబ్దమును, దానినుండి పుట్టిన ధార్మికత అను పదమును ఆశ్రయించిరి. ధర్మశబ్దము గంభీరమైనదే; కాని వర్ణాశ్రమ కర్తవ్యములు, దానము, మతము అను అర్థములన్నియు దానివెంట వచ్చును. పుట్టుకనుబట్టి కర్తవ్యమును విభజించు పదముతో, పుట్టుకను గణింపని అంగీకారమును బోధించుట సులభము కాదు.

తెలుగున నీతిశబ్దము నిలిచినది. సుమతి శతకమును, పంచతంత్రమును చదివి పెరిగిన తెలుగువానికి నీతియనగా నడవడి, లౌకిక వివేకము. క్రియలతో నిమిత్తము లేక నీతి లభించునని చెప్పినచో, నీరులేని తడివలె ఆ మాట అతనికి విరుద్ధముగా తోచును. కాని తెలుగు అనువాదకులు దీనికి చేర్చిన క్రియ తీర్చుట. తెలుగున తగవు తీర్చుదురు, అప్పు తీర్చుదురు, శిల్పమును తీర్చుదురు. నీతిమంతులుగా తీర్చబడుట అను ప్రయోగమున తీర్పు, ఋణవిముక్తి, రూపకల్పన అను మూడర్థములును స్ఫురించును. నామపదమున లోపించినదానిని క్రియాపదము పూరించినది. లూథరు పక్షమును, ట్రెంటు పక్షమును ఒకే ధాతువున ఇముడుట తెలుగునకు కలిగిన విశేషము. గుజరాతీ పదమునకు స్పష్టత ఎక్కువ. తెలుగు ప్రయోగమునకు వ్యాప్తి ఎక్కువ.

విశ్వాసశబ్దము రెండు భాషలకును సమానము. తెలుగున అది నమ్మకమునేగాక కృతజ్ఞతను, స్వామిభక్తిని కూడ చెప్పును; ఉపకారము మరువనివానిని విశ్వాసము కలవాడందుము. కావున విశ్వాసము సిద్ధాంతమును ఒప్పుకొనుట మాత్రమే యను సంకుచితార్థము తెలుగు చెవికి తోచదు. పిస్తిస్, ఎమూనా శబ్దముల ప్రాచీనార్థమునకు ఇది మిక్కిలి సన్నిహితము.

టేలరునకు ఇది గ్రంథములకు పరిమితమైన చర్చ కాదు. ఆయన చిరకాలము పనిచేసిన బోర్సదు ఆ కాలమున ఖేడా మండలములోనిది. అచ్చటి క్రైస్తవులలో పెక్కుమంది అస్పృశ్యులుగా ఎంచబడిన నేతపనివారు. మతము మారినవానికి కులమున కట్టుబాటు తప్పును; నీరు, నిప్పు, పెండ్లి సంబంధము నిలిచిపోవును. మతాంతరము కారణముగా వారసత్వ హక్కు పోరాదని 1850లో ఇరువదియొకటవ చట్టము చేయబడినది గాని, వారసత్వముగా పొందదగినదేమియు లేనివానికి ఆ చట్టమువలన ఒరిగినది స్వల్పము. అట్టివాడు వచ్చినప్పుడు ప్రచారకునకు సంకటము కలుగును. ఇతడు నమ్మి వచ్చెనా, ఆశ్రయమునకు వచ్చెనా? జ్ఞానస్నానమునకు ముందు నడవడిని పరీక్షింపవలెనన్నచో, క్రియలవలన గాక విశ్వాసమువలననే నీతి యను బోధకు అర్థమేమి? పరీక్షింపకున్నచో, సంఘమునకు నిలకడ యేమి? పౌలు, యాకోబుల నడుమనున్న విరోధము మహీతీర గ్రామములలో నిత్యజీవిత సమస్య యైనది.

ఈ జనులకు సిద్ధాంతమును వినిపించుటకు టేలరు పాటను ఆశ్రయించెను. ఆయన కావ్యార్పణ్ అను సంపుటమున గుజరాతీ ఛందస్సులలో క్రైస్తవ గీతములను కూర్చెను. తెలుగున పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తన ఫణితిలో చేసిన కార్యమునకు ఇది సదృశము. పాటలో న్యాయస్థానపు పదములు భక్తిపదములతో కలిసినవి; తీర్పు కరుణ యైనది. చదువురాని శ్రోతకు న్యాయీపణుం అను పదము నిఘంటువుద్వారా గాక రాగముద్వారా పరిచయమైనది.

1867లో వెలువడిన ఆయన గుజరాతీ వ్యాకరణము గుజరాతీయులకై గుజరాతీలోనే వ్రాయబడినది. 1840లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున వ్రాసిన బ్రౌను దొరతో పోల్చినచో టేలరు మార్గభేదము తెలియును. 1858లో చిన్నయసూరి రచించిన బాలవ్యాకరణమునకు అది కాలమున సమీపము. సూరతున జన్మించిన నర్మదుడు 1873లో నర్మకోశమును సంపూర్ణముగా ప్రకటించినది కూడ ఈ తరములోనే. గుజరాతీ బేరసారములకే గాని శాస్త్రమునకు తగదను భావము నాడు విద్యావంతులలో కొందరికి కలదు. టేలరు దానిని తీవ్రముగా ఖండించెను. ఆ భాష ఆర్యకుటుంబమునకు చెందినదనియు, సంస్కృతపుత్రిక యనియు, అనేకోత్తమ భాషలకు బంధువనియు ఆయన వాదము. మాటాడువాడు ఎట్టివాడో భాషయు అట్టిదే యగుననియు, లోపము కనిపించినచో అది భాషది కాక భాషించువానిదనియు ఆయన చేర్చెను.

ఈ వాదమున రెండు ప్రమాణములున్నవి: ఒకటి పుట్టుక, రెండవది నడవడి. ఆశ్చర్యమేమనగా, మనుష్యుని విషయమున టేలరు బోధించిన మతము ఈ రెండింటిని యోగ్యతకు మూలముగా అంగీకరింపదు. అబ్రాహాము వంశమున పుట్టుటయు చాలదు, ధర్మశాస్త్రమును ఆచరించుటయు చాలదు అనునదే పౌలు వాదసారము. అయినను ఇందు వైరుధ్యముకంటె పూరకత్వమే ఎక్కువయని తోచుచున్నది. వంశగౌరవము పండితులను ఒప్పించుటకు చెప్పిన మాట. భాషించువానిపై మోపిన బాధ్యత ఆచరణకు సంబంధించినది. ఈ రెండింటికిని ముందే, ఎవరును యోగ్యముగా ఎంచని కాలమున, ఆ భాషను యోగ్యమైనదిగా ఎంచి అందు తన జీవితమును వినియోగించుట అను క్రియ యొకటి కలదు. అది లెక్కలోనికి ఇతరుడు జమకట్టిన గౌరవము వంటిది. వ్యాకరణము ఆ నమ్మికకు ఫలము. అందుకు షరతు కాదు. యాకోబు కోరిన క్రియ ఇట్టిదే యని చెప్పవచ్చును.

గుజరాతు ఈ బోధను మౌనముగా స్వీకరింపలేదు. నర్సీ మెహతా కీర్తనలలో వైష్ణవుని లక్షణము పరుల బాధను ఎరుగు నడవడియే. ఆ సంస్కారమున పెరిగిన గాంధీ, దక్షిణాఫ్రికాలో ప్లిమతు శాఖీయుడొకడు పాపఫలమునుండి విశ్వాసమాత్రమున విముక్తి కలుగునని చెప్పినప్పుడు, తాను కోరునది పాపఫలమునుండి విముక్తి కాదనియు, పాపమునుండియే యనియు సమాధానమిచ్చినట్లు ఆత్మకథలో తెలిపెను. తీర్పుమాత్రమే నీతియని గ్రహించువారికి ఇది గట్టి ప్రశ్న. తెలుగు ధాతువు తీర్చుటలోని మూడవ అర్థమును, అనగా మనుష్యుని క్రొత్తగా రూపొందించుటను, ఆయన అడిగెనని మన పరిభాషలో చెప్పవచ్చును.

టేలరు 1881లో మరణించెను. ఆయన గీతములు గుజరాతీ క్రైస్తవ ప్రార్థనలలో నిలిచినవి. వ్యాకరణము ఆ భాషాచరిత్రలో స్థానము పొందినది. నేడు వేలాది తెలుగు నేతపనివారి కుటుంబములకు నివాసమైన సూరతు నగరమున తెలుగు బైబిలును, గుజరాతీ బైబిలును చదువువారు ఒకే వాక్యమున నీతి, న్యాయీపణుం అను రెండు పదములను కనుగొందురు. అనువాదకులు ఎన్నుకొనిన ఈ పదములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినప్పుడు మూలభావమునందలి తీర్పును, నడవడియు రెండును వెలికివచ్చుచున్నవి. ఏ యొక్క భాషయు ఒంటరిగా మోయలేని భారమును భారతీయ భాషలు పంచుకొని మోయుచున్నవనుట ఇందు తేలిన విషయము. ఇతర భాషల బైబిలు పరిభాషను కూడ ఈ దృష్టితో పరిశీలించుట తులనాత్మకాధ్యయనమునకు ఉపకరింపగలదు.