ఎన్రికో మత్తేయి

ఎన్రికో మత్తేయి (ఏప్రిల్ 29, 1906 - అక్టోబరు 27, 1962) ఇటలీ దేశానికి చెందిన పారిశ్రామిక నిర్వాహకుడు, రాజకీయ నాయకుడు. ఈయన ఇటలీ ప్రభుత్వ చమురు సంస్థ "ఎని"కి మొదటి అధ్యక్షుడు. మధ్యధరా సముద్రానికి దక్షిణాన ఉన్న దేశాలతో సమాన భాగస్వామ్యం ప్రాతిపదికగా చేసుకున్న చమురు ఒప్పందాల వలన ప్రసిద్ధుడయ్యాడు.

తొలి జీవితము

మత్తేయి మధ్య ఇటలీలోని మార్కే ప్రాంతంలో అక్వాలాన్యా అనే ఊరిలో జన్మించాడు. చదువు మధ్యలోనే మానివేసి, మతేలికా పట్టణంలోని ఒక తోళ్ళ కర్మాగారంలో పనికి చేరి, చిన్న వయసులోనే దానికి నిర్వాహకుడయ్యాడు. తరువాత మిలాన్ నగరంలో రసాయనాల వ్యాపారం చేశాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నాజీ, ఫాసిస్టు సేనలను ఎదిరించిన ప్రతిఘటన ఉద్యమ నాయకులలో ఒకడు.

ఎని స్థాపన

ఫాసిస్టు ప్రభుత్వం 1926లో నెలకొల్పిన "అజిప్" చమురు సంస్థను మూసివేసే బాధ్యత 1945లో మత్తేయికి అప్పగించబడింది. ఆయన దానిని మూసివేయక, పో నదీ మైదానంలో అన్వేషణ కొనసాగించాడు. అక్కడ లభించిన సహజ వాయువు యుద్ధంలో దెబ్బతిన్న ఇటలీ పరిశ్రమలు కోలుకొనుటకు తోడ్పడింది. 1948 నుండి 1953 వరకు ఈయన పార్లమెంటు సభ్యుడు. 1953లో అజిప్ మొదలైన సంస్థలను కలిపి ఎని ఏర్పాటు చేయబడింది.

దక్షిణ దేశాలతో ఒప్పందాలు

ఆ రోజులలో చమురు లాభాలను విదేశీ కంపెనీ, ఆతిథ్య దేశం చెరిసగం పంచుకొనడం వాడుక. 1957లో ఇరాన్‌తో మత్తేయి కుదుర్చుకున్న ఒప్పందం దీనిని మార్చివేసింది. ఉమ్మడి కంపెనీలో ఇరాన్ జాతీయ చమురు సంస్థకు సగం వాటా ఇవ్వబడింది. లాభంలో సగం పన్నుగాను, మిగిలినదానిలో సగం వాటాగాను చెల్లడంతో ఆ దేశానికి మొత్తం 75 శాతం దక్కుతుంది. అన్వేషణ ఖర్చును మొదట ఎని భరిస్తుంది. చమురు పడితేనే భాగస్వామి తన వంతు చెల్లించాలి. ఇందువలన పెద్ద చమురు కంపెనీలు ఈయనపై ఆగ్రహించాయి.

ఈజిప్టులో సినాయి చమురు వెలికితీతలో ఎని 1955లోనే ప్రవేశించింది. 1958లో మొరాకోతో ఇటువంటి ఒప్పందమే కుదిరింది. ట్యునీషియాలోని బిజెర్తాలో ఉమ్మడి శుద్ధి కర్మాగారానికి అంగీకారం జరిగింది. అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధకాలంలో (1954-1962) మత్తేయి అక్కడి జాతీయవాదుల పక్షం వహించాడు. ఇందుకుగాను ఆయనకు ఫ్రెంచి తీవ్రవాదుల నుండి బెదిరింపులు వచ్చాయి.

విమర్శలు

ఎని ధనాన్ని రాజకీయ పక్షాలకు, పత్రికలకు వెచ్చించాడనీ, పార్లమెంటుకు జవాబుదారీగా ఉండలేదనీ విమర్శకులు ఆరోపించారు. ఇటలీకి చౌకగా ఇంధనం సమకూర్చుకొనుటయే ఆయన ప్రధాన లక్ష్యమని, సమానత్వం అందుకు సాధనమని చెప్పేవారూ ఉన్నారు.

మరణము

అల్జీరియా స్వతంత్రమైన కొద్ది నెలలకే, 1962 అక్టోబరు 27న సిసిలీ నుండి మిలాన్ వస్తుండగా ఆయన విమానం బాస్కాపే గ్రామం వద్ద కూలిపోయింది. మత్తేయితో పాటు పైలటు, ఒక అమెరికన్ పాత్రికేయుడు మరణించారు. తొలి విచారణలో ఇది ప్రమాదంగా తేల్చబడింది. 1990లలో తిరిగి జరిపిన దర్యాప్తు విమానంలో బాంబు పేలిందని నిర్ధారించింది కాని, నేరస్థులు ఎవరో తేలలేదు. ఈ ఉదంతంపై ఫ్రాంచెస్కో రోసి తీసిన చిత్రం 1972 కేన్స్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతిని మరొక ఇటలీ చిత్రంతో పంచుకున్నది.

ప్రభావము

1983లో అల్జీరియా నుండి ట్యునీషియా మీదుగా సిసిలీకి సహజ వాయువు సరఫరా మొదలైంది. ఆ గొట్టపు మార్గానికి తరువాత మత్తేయి పేరు పెట్టబడింది. 2022లో రష్యా వాయువు తగ్గినపుడు ఇటలీకి ఈ మార్గం అక్కరకు వచ్చింది. 2024 జనవరిలో ఇటలీ ప్రభుత్వం ఆఫ్రికా దేశాలతో సహకారానికి ప్రకటించిన పథకం కూడా ఆయన పేరుతోనే ఉన్నది.