కొత్తవాళ్లకు తలుపు తెరిచిన మహిళ: జేన్ ఆడమ్స్ జీవితం

షికాగో పేరు హైదరాబాద్ ముస్లిం కుటుంబాలకు కొత్తది కాదు. అక్కడి డెవాన్ అవెన్యూలో హలాల్ మాంసం దుకాణాలు, బిర్యానీ హోటళ్లు ఉన్నాయి. దక్కనీ ఉర్దూ చెవిన పడుతూనే ఉంటుంది. ఇక్కడి నుంచి చదువుకో, ఉద్యోగానికో వెళ్లిన పిల్లలు మొదటి నాలుగు రోజులు ఎవరో ఒక తెలిసినవాళ్ల ఇంట్లోనే దిగుతారు. గది చూసిపెట్టడం, బ్యాంకు ఖాతా తెరిపించడం, ఏ బస్సెక్కాలో చెప్పడం అన్నీ వాళ్లే చూసుకుంటారు. మరి తెలిసినవాళ్లంటూ ఎవరూ లేనివాళ్ల సంగతేంటి? భాష రాదు, చేతిలో డబ్బు లేదు, పలకరించే మనిషి లేడు. అలాంటివాళ్ల కోసం 1889లో అదే షికాగోలో ఒక ఇంటి తలుపు తెరుచుకుంది. ఆ తలుపు తెరిచిన మహిళ జేన్ ఆడమ్స్.

మిల్లు యజమాని కూతురు

జేన్ 1860 సెప్టెంబర్ 6న ఇల్లినాయి రాష్ట్రంలోని సీడర్‌విల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి జాన్ ఆడమ్స్‌కు పిండి మిల్లు ఉండేది. ఆయన రాష్ట్ర సెనేట్ సభ్యుడు కూడా. అబ్రహం లింకన్‌తో పరిచయం ఉన్న మనిషి. జేన్‌కు రెండేళ్లు దాటగానే తల్లి చనిపోయింది. నాలుగేళ్ల వయసులో వెన్నెముకకు క్షయ సోకి నడుం వంకర తిరిగింది. నలుగురిలో నడుస్తుంటే తనలాంటి పిల్ల పక్కన ఉండటం తండ్రికి నామోషీ అనుకుని, ఆ చిన్నమ్మాయి దూరదూరంగా నడిచేది. ఒకరోజు నడివీధిలో ఆ తండ్రి టోపీ తీసి, అందరూ చూస్తుండగా వంగి కూతురికి సలాం చేసినట్టు పలకరించారు. ఆ సంగతి జేన్ పెద్దయ్యాక కూడా మరిచిపోలేదు.

1881లో రాక్‌ఫర్డ్ సెమినరీలో చదువు ముగిసింది. అదే ఏడు ఆగస్టులో తండ్రి పోయారు. వైద్యం చదువుదామని ఫిలడెల్ఫియా వెళ్లారు గానీ నడుం నొప్పి, ఆపరేషన్‌తో ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. తండ్రి వదిలిన ఆస్తి ఉంది, చదువు ఉంది, చెయ్యడానికి పని లేదు. ఆ రోజుల్లో డబ్బున్న ఇంటి ఆడపిల్ల ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. ఏమీ చెయ్యకుండా కూర్చోవడమే మర్యాద. ఆ ఖాళీతనంతోనే ఆమె కొన్నేళ్లు కుమిలిపోయారు.

1883లో యూరప్ ప్రయాణం కట్టారు. లండన్‌లో ఒక శనివారం రాత్రి పేదల పేటకు కొందరు యాత్రికులతో కలిసి వెళ్లారు. ఆదివారం దాకా నిలవ ఉండని, కుళ్లడం మొదలైన కూరగాయలను అక్కడ వేలం వేస్తున్నారు. జనం చేతులు పైకెత్తి పాట పాడుతున్నారు. ఒకడు తనకు దక్కిన క్యాబేజీని అక్కడే కూర్చుని పచ్చిగానే తినేశాడు. గాలిలోకి లేచిన ఆ ఖాళీ చేతులు జేన్‌ను ఏళ్ల తరబడి వెంటాడాయి. 1888లో మళ్లీ లండన్ వెళ్లినప్పుడు టాయిన్‌బీ హాల్ చూశారు. చదువుకున్న యువకులు పేదల వాడలోనే కాపురం ఉంటూ, వాళ్లతో కలిసి పనిచేసే చోటు అది. తన దారేమిటో అప్పుడు దొరికింది.

హాల్‌స్టెడ్ వీధిలో ఇల్లు

1889 సెప్టెంబర్ 18న జేన్, ఆమె స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్ షికాగోలోని హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత ఇంట్లో దిగారు. చార్లెస్ హల్ అనే వ్యాపారి 1856లో కట్టించిన ఇల్లు కాబట్టి దానికి హల్ హౌస్ అనే పేరు నిలిచిపోయింది. మరుసటి వసంతానికల్లా యజమానురాలు హెలెన్ కల్వర్ అద్దె తీసుకోవడం మానేశారు.

అప్పటి షికాగో జనాభా 10 లక్షలు దాటింది. ప్రతి నలుగురిలో ముగ్గురు పరదేశంలో పుట్టినవాళ్లో, వాళ్ల పిల్లలో. హల్ హౌస్ చుట్టుపక్కల ఇటలీ వాళ్లు, గ్రీకులు, జర్మన్లు, ఐరిష్ వాళ్లు, రష్యా నుంచి పారిపోయి వచ్చిన యూదులు ఉండేవాళ్లు. ఒక కుటుంబానికని కట్టిన చెక్క ఇళ్లలో నాలుగైదు కుటుంబాలు సర్దుకునేవి. చాలా ఇళ్లకు పెరట్లో ఉన్న ఒకే ఒక్క కొళాయి దిక్కు. వీధుల్లో చెత్తపెట్టెలు పొంగిపొర్లుతుండేవి.

మొదట్లో చుట్టుపక్కల వాళ్లకు అనుమానమే. ఇద్దరు దొరసానులు తమ మధ్యకు వచ్చి ఎందుకు ఉంటున్నారో అర్థం కాలేదు. జేన్ ఉపన్యాసాలు ఇవ్వలేదు. ఇరుగుపొరుగుకు ఏం కావాలో అది చేస్తూ పోయారు. పురుడు పోశారు, రోగుల దగ్గర కూర్చున్నారు, శవానికి స్నానం చేయించారు.

ఆ వేసవిలో ముగ్గురు పిల్లలు ఆమె కంటపడ్డారు. ముగ్గురూ అవిటివాళ్లే. ఒకడు మూడో అంతస్తు కిటికీలోంచి పడ్డాడు. ఇంకొకడికి ఒళ్లు కాలింది. మూడోవాడి వెన్ను వంగిపోయింది, ఎందుకంటే మూడేళ్ల పాటు వాణ్ణి రోజంతా వంటగది బల్ల కాలికి కట్టేసి ఉంచారు. తల్లులు కసాయివాళ్లు కాదు. కూలికి పోకపోతే పూట గడవదు, పిల్లల్ని చూసే అత్తలు, అమ్మమ్మలు సముద్రానికి అవతల ఉండిపోయారు. సొంత ఊళ్లో ఉంటే ఇంటిమనుషులు చేసే పని పరాయి దేశంలో ఎవరు చెయ్యాలి? హల్ హౌస్‌లో పసిపిల్లల కేంద్రం అలా మొదలైంది. దాంతోపాటు కిండర్‌గార్టెన్, రాత్రిపూట ఇంగ్లీషు తరగతులు, స్నానాల గదులు, ఆటస్థలం, పనిచేసుకునే ఆడపిల్లలు కలిసి అద్దె కట్టుకుని ఉండే హాస్టల్ వచ్చాయి. రెండో ఏడాదికల్లా వారానికి 2,000 మంది ఆ గడప తొక్కేవాళ్లు. చివరికి ఆ ఒక్క ఇల్లు 13 భవనాలైంది.

సూప్ వద్దన్న పొరుగువాళ్లు

అన్నీ సవ్యంగా జరగలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు పని ఒత్తిడిలో పిల్లలకు సరైన తిండి పెట్టలేకపోతున్నారని, హల్ హౌస్ వాళ్లు ఒక వంటశాల పెట్టారు. శాస్త్రీయంగా కొలతలు వేసి, బలమిచ్చే సూప్‌లు, ఉడికించిన వంటలు తక్కువ ధరకు అమ్మారు. జనం రాలేదు. ఒంటికి మంచిదే కావచ్చు, కానీ అది వాళ్ల నాలుకకు తెలిసిన రుచి కాదు. తమకు నచ్చిందే తింటామని మొహం మీదే చెప్పారు. జేన్ నొచ్చుకోలేదు, తప్పు తనదేనని ఒప్పుకున్నారు. అడగకుండా పెట్టిన భోజనం అది. తర్వాత అదే చోట కాఫీ హోటల్ నడిచింది, జనంతో నిండిపోయింది.

ఇంకో సంగతి ఆమెను ఇంకా లోతుగా తాకింది. వలస కుటుంబాల్లో పిల్లలు త్వరగా ఇంగ్లీషు నేర్చేస్తారు. తల్లిదండ్రుల తరఫున డాక్టరుతో, ఇంటి యజమానితో మాట్లాడేది వాళ్లే. క్రమంగా తల్లి మాట, తల్లి కట్టు, తల్లి వంట వాళ్లకు చిన్నతనంగా అనిపిస్తాయి. ఈ సంగతి ఇవాళ గల్ఫ్‌లోనో అమెరికాలోనో పిల్లల్ని పెంచుతున్న వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఒకరోజు జేన్ దారిలో ఒక ఇటలీ ముసలామెను చూశారు. ఆమె మెట్ల మీద ఎండలో కూర్చుని చేతి కదురుతో నూలు వడుకుతోంది. ఆ దృశ్యం నుంచే ఒక ఆలోచన పుట్టింది. 1900లో హల్ హౌస్‌లో లేబర్ మ్యూజియం తెరిచారు. అద్దాల వెనక బొమ్మలు పెట్టిన మ్యూజియం కాదది. ఇటలీ, గ్రీస్, సిరియా, రష్యా, ఐర్లాండ్ నుంచి వచ్చిన పెద్దవాళ్లు స్వయంగా కూర్చుని నూలు వడుకుతారు, బట్ట నేస్తారు. చదువుకున్నవాళ్లు వచ్చి వాళ్ల దగ్గర నేర్చుకుంటారు.

అక్కడికి ప్రతి శనివారం ఒక ఇటలీ అమ్మాయి తల్లితో పాటు వచ్చేది. తల్లి మ్యూజియంలో నూలు వడికేది, కూతురు వంట తరగతికి పోయేది. ఇద్దరూ కలిసే బయల్దేరేవాళ్లు గానీ, ఆ అమ్మాయి మాత్రం వేరే తలుపులోంచి లోపలికి వచ్చేది. తలకు గుడ్డ కట్టుకుని, మొరటు బూట్లు వేసుకున్న ఆ పల్లెటూరి మనిషి తన తల్లి అని స్నేహితురాళ్లకు తెలియకూడదు. ఒకరోజు పెద్దపెద్ద ఉపాధ్యాయులు తల్లి చుట్టూ మూగి, ఆమె పనితనం చూసి ఆశ్చర్యపోవడం కూతురి కంట పడింది. అంత చక్కగా కదురు తిప్పేవాళ్లు అమెరికాలోనే అరుదని జేన్ ఆ అమ్మాయికి చెప్పారు. పుట్టిన ఊళ్లో ఆ తల్లి బతుకు ఎలా ఉండేదో, అన్నీ వదిలి రావడం ఎంత కష్టమో వివరించారు. అప్పటి నుంచి ఆ పిల్ల తల్లి వచ్చే తలుపులోంచే రావడం మొదలుపెట్టింది. మంచం కింద పెట్టెలో దాచేసిన, అమ్మ చేత్తో నేసిన బట్టలు కూడా బయటికి వచ్చాయి.

ఇంటి నుంచి చట్టసభ దాకా

హల్ హౌస్‌లో మొదటి క్రిస్మస్‌కు పిల్లలకు మిఠాయి పంచితే కొందరు చిన్నపిల్లలు వద్దన్నారు. ఆరా తీస్తే, వాళ్లు మిఠాయి ఫ్యాక్టరీలో పొద్దున 7 నుంచి రాత్రి 9 దాకా పనిచేస్తున్నారని తేలింది. మిఠాయి చూస్తేనే వాళ్లకు విరక్తి. పక్కనే ఉన్న ఇంకో ఫ్యాక్టరీలో ఒకే యంత్రం దగ్గర ముగ్గురు పిల్లలు గాయపడ్డారు, ఒకడు చనిపోయాడు. కొద్దిపాటి డాలర్లు పెట్టి అడ్డు బిగిస్తే ఆ ప్రాణం దక్కేది.

అక్షరాలు నేర్పితే సరిపోదని జేన్‌కు తెలిసొచ్చింది. హల్ హౌస్‌లో ఉండే ఫ్లోరెన్స్ కెల్లీ ముందు నిలబడి పోరాడగా, 1893లో ఇల్లినాయిలో ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. 14 ఏళ్లలోపు పిల్లలతో ఫ్యాక్టరీ పని చేయించకూడదన్నారు. ఆ పోరాటం నడుస్తుండగా, ఆ చట్టం మాట వదిలేస్తే హల్ హౌస్‌కు 50,000 డాలర్ల విరాళం వచ్చేలా చూస్తామని జేన్‌కు కబురొచ్చింది. ఆమె కాదన్నారు. కానీ కాదన్నందుకు గర్వపడలేదు, సిగ్గుపడ్డారు. తన తండ్రి దగ్గరికి లంచం పట్టుకెళ్లే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు, మరి తన దగ్గరికి ఎలా రాగలిగారని బాధపడ్డారు.

1895లో తమ వార్డుకు చెత్త ఇన్‌స్పెక్టర్‌గా ఉద్యోగం తీసుకున్నారు. పొద్దున్నే 6 గంటలకు లేచి చెత్తబండ్ల వెంట తిరిగేవారు. ఒక సందులో చెత్త తవ్వగా తవ్వగా 18 అంగుళాల కింద రాళ్లు పరిచిన బాట బయటపడింది. అక్కడ బాట ఉందన్న సంగతి జనమే మరిచిపోయారు.

స్టేషన్‌లో దిగినవాళ్లకు తోడు

కొత్తగా దిగిన వలసదారులకు అసలు గండం రైల్వే స్టేషన్ దగ్గరే మొదలయ్యేది. జట్కావాళ్లు ఇష్టమొచ్చినంత గుంజేవాళ్లు. పని ఇప్పిస్తామని ఏజెంట్లు డబ్బు కట్టించుకుని ఎక్కడో వదిలేసేవాళ్లు. చిరునామా తప్పి ఒంటరి ఆడపిల్లలు మాయమైపోయేవాళ్లు. 1908లో హల్ హౌస్ మనుషుల చొరవతో వలసదారుల రక్షణకు ఒక లీగ్ ఏర్పడింది. దాన్ని నడిపిన గ్రేస్ అబట్ హల్ హౌస్‌లోనే ఉండేవారు. ఎల్లిస్ ఐలాండ్‌లో దిగి షికాగోకు ఒంటరిగా వస్తున్న అమ్మాయిల పేర్లు, చిరునామాలు లీగ్ తెప్పించుకునేది. వాళ్ల భాష తెలిసిన మహిళలు ఇళ్లకు వెళ్లి, క్షేమంగా చేరారో లేదో చూసి వచ్చేవాళ్లు. మోసం చేసే ఏజెన్సీల మీద విచారణలు జరిపించి, చట్టాలు మార్పించడానికి కృషి చేశారు.

ఒకడి పేరుతో అందరి మీద అనుమానం

జేన్‌కు అసలైన పరీక్ష వేరే ఉంది. 1901లో అమెరికా అధ్యక్షుడు మెకిన్లీని ఒక అనార్కిస్టు కాల్చి చంపాడు. ఆ వెంటనే షికాగోలో రష్యా నుంచి వలస వచ్చిన ఒక పత్రిక సంపాదకుణ్ణి, అతని మనుషుల్ని పట్టుకుపోయారు. లాయర్ని కలవనివ్వలేదు. ఊరంతా పగతో ఊగిపోతోంది. అయినా జేన్ మేయర్ దగ్గరికి వెళ్లి అనుమతి తెచ్చుకుని, జైల్లో అతన్ని చూసి వచ్చారు. చివరికి అతని తప్పేమీ లేదని విడిచిపెట్టారు. కానీ జేన్‌కు మాత్రం తిట్ల ఉత్తరాలు వచ్చిపడ్డాయి.

1908లో అంతకంటే ఘోరం జరిగింది. లాజరస్ అవర్‌బుక్ అనే రష్యన్ యూదు కుర్రాడు షికాగో పోలీసు అధిపతి ఇంట్లోనే ఆయన చేతి కాల్పుల్లో చనిపోయాడు. దాడి చెయ్యడానికే వచ్చాడని పోలీసులు ప్రకటించారు. మాటలు చెప్పడానికి ఆ కుర్రాడు లేడు. ఆ మర్నాటి నుంచి రష్యన్ యూదుల వాడ మొత్తం నేరస్థుల వాడ అయిపోయింది. ఇళ్లలో సోదాలు జరిగాయి, పిల్లలు బడిలో మాటలు పడ్డారు. జేన్ ఆ కుర్రాడు మంచివాడనీ, చెడ్డవాడనీ అనలేదు. నిజం తేలాలన్నారు. విచారణలో లాయర్ని పెట్టడానికి సాయపడ్డారు. జార్ పోలీసుల దౌర్జన్యం తప్పించుకుని వచ్చినవాళ్లకు ఇక్కడా అదే ఎదురైతే, ఈ దేశపు చట్టం మీద వాళ్లకు నమ్మకం ఎలా కుదురుతుందన్నది ఆమె వాదన. పత్రికలు ఆమెను దుమ్మెత్తిపోశాయి. హల్ హౌస్‌కు డబ్బిచ్చేవాళ్లలో కొందరు దూరమయ్యారు. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడూ అంతే. 1915లో హేగ్‌లో జరిగిన అంతర్జాతీయ మహిళల సభకు అధ్యక్షత వహించి, యుద్ధం ఆపమని అడిగారు. ఒకప్పుడు ఆకాశానికెత్తిన జనమే దేశద్రోహి అన్నారు. ఏళ్లు గడిచాక 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అది అందుకున్న తొలి అమెరికన్ మహిళ ఆమే. జబ్బు వల్ల ఓస్లో వెళ్లలేకపోయారు. తన వాటా డబ్బును మహిళల శాంతి సంఘానికే ఇచ్చేశారు.

చివరి రోజు

1935 మే 21న, 74 ఏళ్ల వయసులో, క్యాన్సర్‌తో షికాగోలోనే కన్నుమూశారు. హల్ హౌస్ ఆవరణలో ఉంచిన ఆమెను చివరిసారి చూడటానికి వేలమంది వరుస కట్టారు. వాళ్లలో ఎందరో ఒకప్పుడు మాట రాక, దారి తెలియక ఆ వీధిలో నిలబడ్డవాళ్లూ, వాళ్ల పిల్లలూ. తర్వాత సీడర్‌విల్‌లో, కుటుంబ సమాధుల మధ్య ఖననం చేశారు.

1960లలో విశ్వవిద్యాలయం కోసం హల్ హౌస్ భవనాలు చాలావరకు కూల్చేశారు. మొదటి ఇల్లు, భోజనశాల మిగిలాయి. ఇప్పుడవి మ్యూజియం. ఆమె పేరుతో సేవలు నడిపిన సంస్థ కూడా నిధులు లేక 2012లో మూతపడింది. భవనాలు పోయినా ఆ పని ఆగలేదు. ఇవాళ షికాగోలో కొత్తగా వచ్చినవాళ్లకు ఇంగ్లీషు నేర్పే మసీదు కమిటీలోనూ, స్టేషన్‌కో ఎయిర్‌పోర్ట్‌కో కారు తీసుకెళ్లి ఎదురుచూసే పాత హైదరాబాదీలోనూ అదే పని సాగుతోంది. అలా ఎదురెళ్లే ముందు కొత్తగా వచ్చినవాడికి ఏం కావాలో అతన్నే అడగడం, అతని తల్లిని గౌరవించడం, కష్టకాలంలో అతని పక్కన నిలబడటం మరిచిపోకూడదని జేన్ జీవితం గుర్తుచేస్తుంది.