కలియుగ భీముడు

ఆంధ్రదేశమున కండబలమును గూర్చి ప్రస్తావన వచ్చినప్పుడెల్ల పెద్దలు తలచుకొను పేరు కోడి రామమూర్తి నాయుడు. ఆయన నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టమున, 1880 తరువాత కొలది యేండ్లకు జన్మించెను. తండ్రి వెంకన్ననాయుడు. తల్లి పసితనముననే గతించెను. బాలునకు ఒడలినిండ బలము గలదు గాని, దానికి అదుపు లేదు. చదువు సాగలేదు, అల్లరి మిక్కుటమయ్యెను. తండ్రి వేరుదారి గానక, విజయనగరమున పోలీసు ఉద్యోగియగు తమ్ముడు నారాయణస్వామి యొద్దకు అతనిని పంపెను.

పినతండ్రి లోకజ్ఞుడు. పిల్లవాని మనస్సు పుస్తకములపై నిలువదని గ్రహించి, అతనిని వ్యాయామశిక్షణలో ప్రవేశపెట్టెను. దండెములు, బస్కీలు ఎవడైనను తన పెరటిలో ఒంటరిగా తీయవచ్చును. వాని వలన కండ పెరుగును. కాని కుస్తీలో పాదమెచ్చట నూనవలెనో, పట్టు ఎప్పుడు సడలింపవలెనో ఒంటరివానికి తెలియదు. ఎదుట మరియొకడు నిలిచి త్రోసినప్పుడే లోపము బయటపడును. దానిని దిద్దుటకు గురువు కావలెను. అంతకు పూర్వమే జపాను దేశమున కానో జిగోరో అను యువకుడు, జుజుత్సు గురువుల యొద్ద నేర్చిన విద్యను సంస్కరించి, 1882లో టోక్యోలో కొడోకాన్ అను జూడో పాఠశాలను స్థాపించెను. అచ్చట శిష్యులు నియమబద్ధములైన కదలికలతోపాటు, ఎదిరితో పెనుగులాటను గూడ అభ్యసింపవలసి యుండెను.

రామమూర్తి విజయనగరమున బలశాలి యని పేరుగాంచెను. అంతటితో తనకు నేర్వవలసినది లేదని యాతడు తలపలేదు. మద్రాసు చేరి, సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామ విద్యను అభ్యసించెను. ఊరెల్ల మెచ్చిన మల్లుడు మరల విద్యార్థియై వరుసలో నిలుచుట సామాన్యము కాదు. తిరిగివచ్చి విజయనగరములో వ్యాయామోపాధ్యాయు డయ్యెను.

పిమ్మట మిత్రుడు పొట్టి పంతులు తోడ్పాటుతో సర్కసు స్థాపించెను. ఊపిరి బిగబట్టి, రొమ్ము పొంగించి, ఒడలికి చుట్టిన ఇనుపగొలుసును త్రెంచెడివాడు. రొమ్ముపై పలక నుంచుకొని ఏనుగును దానిపై నిలిపించుకొనెడివాడు. పలక వెడల్పగుటచే బరువు ఒక్కచోట పడక పరచుకొనును. అయినను ఊపిరి క్షణము తప్పినచో ప్రక్కటెముకలు నుగ్గగును. ఏనుగును నడపు మావటివాని చేతిలో ఆయన ప్రాణములుండెడివి. చూచివచ్చిన కుర్రవాడు ఇంటికడ తనంత తాను చేయదగిన పని కాదది!

లండనులో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల మెప్పును బడసి, ఇండియన్ హెర్క్యులిస్ అను బిరుదు నందెను. ధనము విరివిగా వచ్చెను. అంతే విరివిగా దానముల రూపమున పోయెను.

కడపటి దినములలో కాలికి పుండు లేచి, కాలు తీసివేయవలసి వచ్చెను. మత్తుమందు వలదని, ప్రాణాయామ బలముచే ఆ శస్త్రచికిత్స నోర్చుకొనె నని చెప్పుదురు. 1942 జనవరి 16న, ఒరిస్సాలోని బలంగీరులో రామమూర్తి కన్నుమూసెను. శ్రీకాకుళమున యువకులు పరుగులు పెట్టు క్రీడాప్రాంగణమునకు ఆయన పేరే యుంచిరి.